తనంతట తానే స్టార్ట్ అయ్యే జనరేటర్: మోటార్‌హోమ్‌కి అది కావాలా?

బోరు మోటరు ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి ఆటో స్టార్టర్ గురించి నేను చెప్పక్కర్లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. అర్ధరాత్రి రెండింటికి వచ్చిందంటే టార్చిలైటు పట్టుకుని, పాములు తిరిగే గట్టు మీద నడుచుకుంటూ వెళ్లి మోటరు వేయాలి. ఆ బాధ తప్పించడానికే ఆటో స్టార్టర్లు వచ్చాయి. కానీ తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేముందు, ఆ ఆటో స్టార్టర్లు తీసెయ్యమని ప్రభుత్వమే రైతులకి చెప్పింది. ఎందుకు? కరెంటు పోకపోతే మోటరు ఆగదు. మడి నిండినా తోడుతూనే ఉంటుంది, భూమిలో నీళ్లు అయిపోతాయి. డబ్బా అదే, దాని చుట్టూ పరిస్థితి మారింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, డల్లాస్‌లో ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయి మొన్న ఫోన్ చేశాడు. మోటార్‌హోమ్ కొంటున్నాడు. అంటే మంచం, వంటగది, బాత్‌రూమ్ అన్నీ ఉన్న బస్సులాంటి బండి. డీలర్ "ఆటో జనరేటర్ స్టార్ట్ పెట్టించమంటారా?" అని అడిగాడట. బ్యాటరీ తగ్గినా, లోపల వేడెక్కినా బండిలోని జనరేటర్ ఎవరూ నొక్కకుండానే స్టార్ట్ అవుతుంది. "తమ్ముడూ, నువ్వు చరిత్ర వీడియోలు చేస్తావు కదా, ఇది కావాలా వద్దా చెప్పు" అన్నాడు. నవ్వుకున్నాను గానీ, నిజంగానే దీనికి జవాబు చరిత్రలో ఉంది.

మొదటి రోజుల్లో కారు ఇంజన్ని ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాళ్లు. అది వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది. 1912 మోడల్ క్యాడిలాక్ కారులో చార్లెస్ కెట్టరింగ్ అనే ఇంజనీరు తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. బ్యాటరీ, చిన్న మోటరు, ఒక స్విచ్చి. మీ బైకులో సెల్ఫ్ ఉంది చూడండి, దానికి తాత. ఇంజన్ని కరెంటుతో తిప్పగలిగితే, ఆ స్విచ్చి మనిషే నొక్కాలని రూలేం లేదు కదా!

కెట్టరింగ్ ఒహాయోలో పల్లెటూరి పిల్లాడు. 1916లో ఆయన కంపెనీ నుంచే పల్లెల కోసం డెల్కో-లైట్ వచ్చింది. చిన్న ఇంజన్, పక్కనే గాజు జాడీల్లో వరుసగా బ్యాటరీలు, 32 వోల్టుల కరెంటు. అయితే ఆ బ్యాటరీల కనిపెట్టుకుని ఉండటం ఇంట్లోవాళ్లకి పెద్ద పని.

ఇక్కడ ఇంకో కంపెనీ వస్తుంది. హైదరాబాద్ మాల్స్‌లో బాత్‌రూమ్ కుళాయిల మీద కోలర్ అనే పేరు చూసుంటారు. విస్కాన్సిన్ రాష్ట్రానికి చెందిన ఆ స్నానాల తొట్ల కంపెనీయే 1920లో కోలర్ ఆటోమేటిక్ పవర్ అండ్ లైట్ అనే జనరేటర్ అమ్మింది. 110 వోల్టులు, 1500 వాట్లు. బ్యాటరీ చిన్నది, ఇంజన్ స్టార్ట్ చేయడానికి మాత్రమే. ఇంట్లో ఎవరైనా ఒక లైటు స్విచ్చి వేస్తే చాలు, పెరట్లో షెడ్డులో ఉన్న ఇంజన్ తనే స్టార్ట్ అవుతుంది. ఆఖరి లైటు ఆర్పితే తనే ఆగిపోతుంది. వందేళ్ల కిందట ఇది మాయలాగే ఉండి ఉంటుంది.

పెరట్లో షెడ్డు అన్నాను కదా, ఆ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

1935లో అమెరికా ప్రభుత్వం పల్లెలకి కరెంటు లైన్లు వేయడానికి ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది. అప్పటికి ఆ దేశంలో పదిలో ఒక్క రైతు ఇంటికే కరెంటు ఉంది. లైన్లు వచ్చేకొద్దీ ఈ ఇంటి జనరేటర్లు మూలపడ్డాయి.

సరిగ్గా ఆ కాలంలోనే ఇంకో కథ నడిచింది. 1934లో రిచర్డ్ బర్డ్ అనే అమెరికా నావికాదళ అధికారి అంటార్కిటికాలో, మంచులో పూడ్చిన చిన్న గుడిసెలో ఒక్కడే ఉన్నాడు. పని, వాతావరణం లెక్కలు రాయడం. మిగతా బృందం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో. వాళ్లతో రేడియోలో మాట్లాడాలంటే పెట్రోలు ఇంజన్ నడపాలి. అది గుడిసె బయట మంచులో తవ్విన సొరంగంలో ఉండేది. గాలి పోయే గొట్టం మంచుతో పూడుకుపోయింది. మే 31న ఇంజన్ దగ్గరికి వెళ్లిన ఆయన అక్కడే కూలిపోయాడు. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గుడిసెలో పొయ్యి నుంచి కూడా అదే గ్యాసు లీకవుతోంది. ఆయన పంపే మోర్స్ సందేశాలు తడబడుతుంటే అటువైపు వాళ్లకి అనుమానం వచ్చింది. ఆగస్టులో చేరుకుని చూస్తే మనిషి చిక్కి సగమయ్యాడు.

ఆలోచించండి. ఆ ఇంజన్‌ని స్టార్ట్ చేసింది ఆయనే. అది నడుస్తోందని ఆయనకి తెలుసు. అయినా అంత పనయింది.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. 1958లో మిషిగన్‌లో రే ఫ్రాంక్ అనే ఆయన తన కుటుంబం కోసం ఇల్లులాంటి బండి కట్టుకున్నాడు. మోటార్ హోమ్ అనే పేరు ఆయన పెట్టిందే అంటారు. 1966 నుంచి ఐయోవాలో విన్నెబాగో కంపెనీ వీటిని ఫ్యాక్టరీలో వరసపెట్టి తయారుచేసింది, ధర కాస్త అందుబాటులోకి వచ్చింది. లైటు, ఫ్రిజ్ వరకైతే బ్యాటరీ చాలు. టాప్ మీద ఏసీ ఎక్కాక లెక్క తప్పింది. మామూలు ఏసీకి సుమారు 1500 వాట్లు కావాలి. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ పాతరకం లెడ్ బ్యాటరీలో ఉండేది 1200 వాట్-అవర్లు. అందులో సగమే వాడుకోవాలి, లేకపోతే బ్యాటరీ పాడవుతుంది. అంటే అరగంట కూడా రాదు. అందుకే ఓనాన్ లాంటి కంపెనీల జనరేటర్ బండిలోనే బిగించారు. మన అపార్ట్‌మెంట్ల డీజీ సెట్ల మీద కనిపించే కమిన్స్ చేతిలోనే ఇప్పుడు ఆ ఓనాన్ ఉంది.

అలా పెరట్లో ఉండాల్సిన షెడ్డు మంచం కిందికి వచ్చేసింది.

ఆటో స్టార్ట్ డబ్బా చేసేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. బ్యాటరీ వోల్టేజి 12 కిందికి దిగి కొన్ని నిమిషాలు అక్కడే ఉంటే స్టార్టర్ తిప్పుతుంది. ఆ నిమిషాల లెక్క లేకపోతే, మైక్రోవేవ్ వేసి వోల్టేజి క్షణం పడిపోయినా ఇంజన్ లేచి కూర్చుంటుంది. కొన్నిసార్లు ప్రయత్నించి స్టార్ట్ కాకపోతే ఊరుకుంటుంది. రాత్రి వేళ స్టార్ట్ కాకుండా టైము పెట్టుకోవచ్చు. ఇది ముఖ్యం, ఎందుకంటే అమెరికా నేషనల్ పార్కుల్లో 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదని రూలుంది. చాలా క్యాంపుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు అసలు చప్పుడే ఉండకూడదు.

మా అన్నయ్యని ఒక్కటే అడిగాను, "నువ్వు లేనప్పుడు బండిలో ఎవరుంటారు?" అని. "కుక్క ఉంటుందిరా" అన్నాడు. టెక్సస్ ఎండలో క్యాంపులో కరెంటు పోతే, మూసిన బండిలో కుక్క బతకదు. అక్కడ ఈ డబ్బా సోకు కాదు, ప్రాణం. ఎవరూ ఉండరు, ఏసీ అంతగా వాడరు, లిథియం బ్యాటరీలు, టాప్ మీద సోలార్ ఉన్నాయంటారా? నా మటుకు నేనైతే ఆ డబ్బు పెట్టను. స్విచ్చి నొక్కడానికి వేలుంది.

కుక్క ఉన్నా గుడ్డిగా నమ్మకూడదు. చాలా బండ్లలో జనరేటర్‌కి డీజిల్ తీసుకునే గొట్టం ట్యాంకులో కాస్త పైన ఉంటుంది, ఇంటికి తిరిగి రావడానికి పావు ట్యాంకు మిగలాలని. పావు దగ్గర జనరేటర్ ఆగిపోతుంది, ఆటో స్టార్ట్ ఎన్నిసార్లు తిప్పినా లేవదు. అందుకే లోపల ఉష్ణోగ్రత ఫోనుకి పంపే సెన్సర్ కూడా కొనమన్నాను. రెండోది, బండి ఇంటి దగ్గర షెడ్డులో పెట్టినప్పుడు. నెలరోజులు కదలకపోతే బ్యాటరీ దానంతటదే దిగుతుంది, డబ్బాకి తెలిసింది వోల్టేజి ఒక్కటే. మూసిన షెడ్డులో, గోడ అవతల పిల్లలు నిద్రపోతుండగా ఇంజన్ స్టార్ట్ చేసేస్తుంది. పార్క్ చేసిన ప్రతిసారీ దాన్ని ఆఫ్ చేయాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బండిలోనూ ఇంట్లోనూ ఉండాలి.

అన్నయ్య పెట్టించుకున్నాడు. మా వదిన బండి తాళాల గుత్తికి ఒక ఎర్ర రిబ్బను కట్టి, తాళాలు గోడకి తగిలించేముందు "ఆటో ఆఫ్ చేశారా?" అని అడుగుతోందట. మీ ఊళ్లో బోరు ఆటో స్టార్టర్లు తీసేశారా, ఇంకా ఉన్నాయా? కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.