చీపురు మీద కత్తెర

సినిమా చరిత్ర రాసేవాళ్ళు తెర మీద కనిపించిందే రాస్తారు. తెర మీదికి రాకుండా కోసేసినదాన్ని కూడా చదవాలంటాం మేము. సెన్సారు కోతల జాబితా అంటే మన రోజువారీ బతుకు గురించి ప్రభుత్వమే రాసిచ్చిన సాక్ష్యం.

2025లో అనంత్ మహదేవన్ తీసిన హిందీ సినిమా 'ఫూలే' సంగతే చూద్దాం. జోతిబా పుట్టినరోజు ఏప్రిల్ 11న రావాల్సింది, 25న వచ్చింది. మహారాష్ట్రలో కొన్ని బ్రాహ్మణ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. సెన్సారు బోర్డు కూడా మార్పులడిగింది. ఏమిటవి? 'మహర్', 'మాంగ్', 'పేష్వాయి' అనే మాటలు తీసెయ్యాలి. మూడు వేల ఏళ్ళ బానిసత్వం అన్నచోట 'ఎన్నో ఏళ్ళ' అనాలి. చీపురుతో ఉన్న మనిషి దృశ్యం మార్చాలి.

ఆ చీపురు కట్టుకథ కాదు. పేష్వాల పుణేలో అంటరానివాడు నడుముకి చీపురు కట్టుకుని, తను తొక్కిన దుమ్ము తనే ఊడ్చుకుంటూ నడవాలి. ఉమ్మి నేల మీద పడకుండా మెడలో ముంత వేలాడేసుకోవాలి. అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో ఇది రాశారు. ఇన్నేళ్ళుగా పుస్తకంలో ఉన్న సంగతి తెర మీదికొచ్చేసరికి కంటగింపైంది. ఎందుకని? పుస్తకం చదువొచ్చిన కొందరికే, బొమ్మ వాడంతటికీ.

పేర్ల సంగతి ఇంకా అన్యాయం. ఫూలే దంపతుల బడిలో చదువుకున్న మాంగ్ పిల్ల ముక్తా సాల్వే 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో వ్యాసం రాసింది. మాంగులు, మహర్ల దుఃఖం గురించి అన్నదే దాని పేరు. కాన్పు సమయంలో తల మీద కప్పు లేక మన ఆడవాళ్ళు వానకీ చలికీ పడిన యాతన రాసింది. ఒక బడిపిల్ల ధైర్యంగా రాసుకున్న ఆ కులాల పేర్లని, ఆమె గురువుల మీద తీసిన సినిమాలో పలకగూడదట!

మన దగ్గర 1938లో గూడవల్లి రామబ్రహ్మం సినిమా తెల్లవాడి సెన్సారు కింద 'మాలపిల్ల' అన్న పేరుతోనే ఆడింది. అది సంస్కర్తల చూపే, వాడ గొంతు కాదు. అయినా పేరు దాచలేదు. 1994లో మొదలైన దండోరా 'మాదిగ' అన్న మాటని పేరు చివర రాసుకుని తలెత్తుకోమంది.

కులం పేరెత్తితే ద్వేషం పెరుగుతుందంటారు. పేరు దాస్తే దెబ్బ తిన్నవాడూ కనపడడు, కొట్టినవాడూ కనపడడు. అందుకే కోతల జాబితాలు పదిలపరుచుకుందాం. తరగతిలో సినిమాతో పాటు ఆ కాగితం కూడా చదివి వినిపిద్దాం.