డార్క్ రొమాన్స్ నవల

డార్క్ రొమాన్స్ ఇంగ్లీషు ప్రేమ నవలల్లో ఒక ఉపశాఖ. గత పదిహేనేళ్లలో అమెరికా, బ్రిటన్‌లలో బాగా విస్తరించింది. అపహరణ, వెంటాడడం, పగ, హత్య, బలవంతం ఈ నవలల్లో ప్రేమికుల మీదికి బయటి నుంచి వచ్చిపడే ఆపదలు కావు. ప్రేమించిన మనిషే వాటిని చేస్తాడు. అతను మాఫియా కుటుంబ వారసుడు కావచ్చు, కిరాయి హంతకుడు కావచ్చు, రాత్రిపూట నాయిక ఇంట్లో దూరి ఆమె నిద్రపోతుంటే చూస్తూ నిలబడేవాడు కావచ్చు. మన సినిమావాళ్ల మాటల్లో గ్రే షేడ్స్ ఉన్న హీరో. చాలా నవలల్లో ఆ గ్రే ముదిరి నలుపే అవుతుంది. అయినా ఆఖరికి ఆ ఇద్దరూ కలిసి బతకాలి. అలా కలవకపోతే పాఠకులు దాన్ని థ్రిల్లర్ అంటారు, రొమాన్స్ అనరు.

వీటిని రాసేవాళ్లలోనూ చదివేవాళ్లలోనూ స్త్రీలే చాలా ఎక్కువ. నిజంగా ఎదురుపడితే పోలీసులకు ఫోన్ చేయాల్సిన మగవాణ్ణి పుస్తకంలో ఎందుకు ఇష్టపడతారన్న ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది. స్త్రీలకు చెడ్డవాళ్లే నచ్చుతారని తేల్చేయడం తేలిక, కానీ తప్పు. ఈ ఆకర్షణకు కారణం ఆ మగవాడి స్వభావంలో కంటే అతని కథ చెప్పే పద్ధతిలో ఎక్కువగా ఉంది.

పూర్వరూపాలు

శామ్యూల్ రిచర్డ్‌సన్ 1740లో ప్రచురించిన ‘పమేలా’లో యజమాని పనిపిల్లను లొంగదీసుకోవాలని చూస్తాడు, దూరపు ఇంట్లో నిర్బంధిస్తాడు, చివరికి ఆమె మంచితనానికి తలవంచి పెళ్లాడతాడు. ఆయనే 1748 నాటికి పూర్తిచేసిన ‘క్లారిస్సా’లో లవ్‌లేస్ అనే తిరుగుబోతు నాయికను మత్తులో ఉంచి చెరుస్తాడు. ఆమె పెళ్లికి ఒప్పుకోదు, ప్రాణాలు విడుస్తుంది. ఒకే చేతితో రాసిన ఈ రెండు నవలల మధ్య ఎంత దూరముందో, డార్క్ రొమాన్స్ గురించి నేడు నడుస్తున్న వాదం అంతా ఆ దూరంలోనే ఉంది.

1847లో వచ్చిన బ్రాంటీ అక్కాచెల్లెళ్ల నవలల్లో రెండు ఇక్కడ ముఖ్యం. షార్లెట్ రాసిన ‘జేన్ ఎయిర్’లో రోచెస్టర్ మతి చలించిన భార్యను మేడపై గదిలో బంధించి, ఆ సంగతి దాచి జేన్‌ను పెళ్లాడబోతాడు. నిజం తెలియగానే జేన్ వెళ్లిపోతుంది. ఆమె తిరిగి వచ్చేసరికి అగ్నిప్రమాదంలో అతనికి చూపూ ఒక చెయ్యీ పోయి ఉంటాయి. ఎమిలీ రాసిన ‘వుదరింగ్ హైట్స్’లో హీత్‌క్లిఫ్‌కు అలాంటి ప్రాయశ్చిత్తం ఏదీ లేదు. పగ తీర్చుకోవడానికి శత్రువు చెల్లెలు ఇసబెల్లాను లేవదీసుకుపోతూ ఆమె కుక్కపిల్లను ఉరికి వేలాడదీస్తాడు. ఆ తర్వాత, తనలో ఎవరో ప్రేమకథానాయకుణ్ణి ఊహించుకుని వచ్చిందని ఆమెనే ఎగతాళి చేస్తాడు. ఈ తరహా నవలల మీద రాదగిన విమర్శలన్నింటిలోకీ పదునైనది ఎమిలీ అలా హీత్‌క్లిఫ్ నోటనే పలికించింది. అయినా నూట డెబ్బై ఏళ్లుగా పాఠకుల్లో ఎక్కువమంది అతణ్ణి ప్రేమికుడిగానే గుర్తుపెట్టుకున్నారు.

డాఫ్నే డు మారియే 1938 నాటి ‘రెబెక్కా’లో ఈ నవలల మనస్తత్వం మరింత స్పష్టంగా కనబడుతుంది. మొదటి భార్యను తానే చంపానని మాక్సిమ్ రెండో భార్య దగ్గర ఒప్పుకుంటాడు. ఆ మాట విన్న ఆమె మనసు హత్య మీద నిలవదు. రెబెక్కాను అతను ఏనాడూ ప్రేమించలేదన్న సంగతి మీద నిలుస్తుంది. భయపడాల్సిన చోట ఆమెకు ఊరట కలుగుతుంది, చదివేవాళ్లకూ కలుగుతుంది. పుస్తకం మూసిన తర్వాత గానీ, మనం ఒక హంతకుడు తప్పించుకోవాలని కోరుకున్నామని తట్టదు.

బలవంతాన్ని నేరుగా ప్రేమకథకు మొదలుగా చేసిన తొలి పెద్ద జనాదరణ నవల ఇ. ఎం. హల్ రాసిన ‘ద షేక్’ (1919). భర్త మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లిన కాలంలో ఆమె దీన్ని రాసింది. డయానా మేయో అనే స్వతంత్రురాలైన ఇంగ్లీషు యువతిని అల్జీరియా ఎడారిలో అహ్మద్ బెన్ హసన్ అనే షేక్ ఎత్తుకుపోయి చెరుస్తాడు. ఆమె క్రమంగా అతని ప్రేమలో పడుతుంది. 1921లో రుడాల్ఫ్ వాలెంటినోతో సినిమాగా వచ్చి ఊరూరా పేరు మోగింది. చివర్లో షేక్ అరబ్బు కాడని, ఇంగ్లీషు ప్రభువు కొడుకని తేలుతుంది. బలవంతాన్ని క్షమించగలిగిన నవల జాతి తేడాను మాత్రం క్షమించలేకపోయింది. ఈ శాఖ చరిత్రలో ఇంతకన్నా సిగ్గుపడాల్సిన మలుపు మరొకటి లేదు.

1972లో ఏవన్ సంస్థ నేరుగా పేపర్‌బ్యాక్‌గా వేసిన క్యాథ్లీన్ వుడివిస్ నవల ‘ద ఫ్లేమ్ అండ్ ద ఫ్లవర్’, 1974లో రోజ్‌మేరీ రోజర్స్ ‘స్వీట్ సావేజ్ లవ్’ లక్షల్లో అమ్ముడై, నాయకుడే నాయికను చెరిచే చారిత్రక ప్రేమ నవలల వరసకు దారితీశాయి. పెళ్లికి ముందు కోరిక ఉన్నట్టు ఒప్పుకున్న ఆడది చెడిపోయినదిగా ముద్రపడే కాలంలో, నాయిక మీద నింద పడకుండా ఆమెకు శృంగారానుభవం ఇవ్వడానికి ఆ బలవంతం ఒక మార్గమైందని పరిశోధకులు వివరించారు. ఇందులో నిజం ఉంది. కానీ ఆ నింద చాలావరకు తొలగిన రోజుల్లో కూడా ఇవే కథలు మళ్లీ ఎందుకు వెల్లువెత్తాయో దీనితో తేలదు.

అతని మనసు తెరిచి చూపడం

విమర్శకురాలు టానియా మోడ్లెస్కీ 1982లో వచ్చిన ‘లవింగ్ విత్ ఎ వెంజెన్స్’లో హార్లెక్విన్ సంస్థ వేసిన ప్రేమ నవలలను పరిశీలించి ఒక విలువైన సంగతి పట్టుకుంది. నాయకుడు కసురుకుంటే నాయికకు అది ద్వేషంగా కనిపిస్తుంది. ఇలాంటి నవలలు పది చదివిన పాఠకురాలికి మాత్రం అది ప్రేమేనని ముందే తెలుసు. అంటే నాయిక కంటే పాఠకురాలికి ఎక్కువ తెలుసు. ఆ తెలిసుండడమే ఆమెకు ధైర్యం.

నేటి డార్క్ రొమాన్స్‌లో దీన్ని ఊహకు వదలకుండా అధ్యాయాల్లోకే తెచ్చారు. ఒక అధ్యాయం నాయిక ‘నేను’తో సాగితే, తర్వాతిది నాయకుడి ‘నేను’తో సాగుతుంది. అమెరికా రచయిత్రి హెచ్. డి. కార్ల్‌టన్ 2021లో సొంతంగా ప్రచురించుకున్న ‘హాంటింగ్ అడెలిన్’ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. అడెలిన్ నవలలు రాస్తుంది. వారసత్వంగా వచ్చిన పార్సన్స్ మేనర్ అనే పాత భవంతిలో ఉంటుంది. తన ముత్తవ్వను కూడా ఒకడు వెంటాడాడని, ఆవిడ అతణ్ణి ప్రేమించిందని అక్కడ దొరికిన డైరీల ద్వారా తెలుసుకుంటుంది. ఇంతలో జేడ్ అనే హ్యాకర్ ఆమెను ఒక పుస్తకాల కార్యక్రమంలో చూసి వెంటపడతాడు. తాళాలు దాటి ఇంట్లోకి వస్తాడు, గులాబీలు పెట్టిపోతాడు. అతని అధ్యాయాలకు ‘ద షాడో’ అని, ఆమెవాటికి ‘ద మానిప్యులేటర్’ అని శీర్షికలు.

ఒంటరిగా ఉన్న ఆడదాని ఇంట్లో, తను పెట్టని పువ్వు బల్ల మీద కనబడితే గుండె ఆగినంత పనవుతుంది. ఎవడు వచ్చాడు, ఎందుకు వచ్చాడు, మళ్లీ వస్తే ఏం చేస్తాడు అన్నవి తెలియకపోవడమే అసలు భయం. నవల ఆ తెలియనితనాన్ని తీసేస్తుంది. పేజీ తిప్పితే అతని బుర్రలోనే ఉంటాం. అతనికి ఆమె తప్ప వేరే ధ్యాస లేదని, ఆమె మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వడని అతని మాటల్లోనే వింటాం. నిజజీవితంలో ఏ స్త్రీకీ దొరకని సమాచారం ఇది. దారిలో వెనకాల నడిచేవాడి మనసు చదవగలిగితే ఆడవాళ్ల భయాల్లో సగం ఉండవు. డార్క్ రొమాన్స్ ఆ మనసును చదవనిస్తుంది, పైగా ముగింపు శుభమని ముందే మాట ఇస్తుంది. ప్రమాదం ప్రమాదంగానే కనబడుతూ, ఎక్కడికీ జారిపోలేని చోట కట్టేసి ఉంటుంది. ఎలుగుబంటిని బోను బయట నిలబడి చూడడానికీ అడవిలో ఎదుర్కోవడానికీ ఉన్నంత తేడా.

మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ రోజిన్, ఆయన సహచరులు 2013లో ప్రచురించిన పరిశోధనలో మిరపకాయ కారం, ఏడిపించే సినిమా, భయపెట్టే రోలర్ కోస్టర్ వంటివాటిని మనుషులు ఆనందించడం గురించి రాశారు. ఒళ్లు ప్రమాదమని చెబుతుంటే బుద్ధి కాదని తెలుసుకోవడంలోనే ఆ సుఖం ఉందని వాళ్ల వివరణ. మనస్తత్వ పరిశోధకులు క్రిటెల్లి, బివోనా 2008లో అంతకుముందరి అధ్యయనాలను సమీక్షించి, బలవంతంతో కూడిన ఊహలు తమకు వస్తుంటాయని 31 నుంచి 57 శాతం స్త్రీలు చెప్పినట్టు చూపారు. ఊహలో ఆ సన్నివేశాన్ని నడిపేది ఊహించే మనిషే. ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆమె చేతిలో ఉంటుంది. దాన్ని నిజంలో కావాలనుకోవడంగా చదివేవాళ్లు ఆ పరిశోధనను తలకిందులుగా చదువుతున్నట్టే.

రెండో కారణం శ్రద్ధ. పరిశోధకురాలు జానిస్ రాడ్వే 1984లో వెలువరించిన ‘రీడింగ్ ద రొమాన్స్’ కోసం అమెరికా మధ్యపశ్చిమంలో ప్రేమ నవలలు విరివిగా చదివే గృహిణులతో మాట్లాడింది. ఇంట్లో అందరి అవసరాలూ చూసే తమను ఎవరూ పట్టించుకోని జీవితంలో, పుస్తకం తెరిచిన ఆ కాసేపే తమదని వాళ్లు చెప్పారు. నాయకుడిలో వాళ్లు వెతికింది మెత్తదనాన్నే. క్రూరుడైన నాయకుణ్ణి చాలామంది ఇష్టపడలేదు. నేటి డార్క్ రొమాన్స్ అదే ఆకలిని ఇంకో దారిలో తీరుస్తుంది. ఇక్కడి నాయకుడు మారడు. పాత నవలల్లో తిరుగుబోతు పెళ్లితో బాగుపడేవాడు. కొత్త నవలలో హంతకుడు హంతకుడిగానే మిగిలి, ఆమె ఒక్కదాని దగ్గరే మెత్తబడతాడు. ఆమె ఏం తింటుంది, ఎప్పుడు నిద్రపోతుంది, ఏ మాటకు మొహం మాడ్చుకుంటుంది అన్నది అతనికి కంఠతా వచ్చు. పదేళ్ల కాపురం తర్వాత కూడా భార్యకు కాఫీలో చక్కెర ఎంత వేయాలో తెలియని మొగుళ్లున్న లోకంలో ఈ శ్రద్ధ ఎంత బలంగా లాగుతుందో ఊహించవచ్చు.

ప్రచురణ, ప్రచారం

పెద్ద ప్రచురణకర్తలు ముట్టుకోని ఈ కథలకు ఇంటర్నెట్ దారి చూపింది. 2007లో అమెజాన్ కిండిల్‌తో పాటు రచయితలు సొంతంగా ప్రచురించుకునే వీలూ వచ్చింది. ‘ట్వైలైట్’ అభిమాన కథగా మొదలై 2011లో పుస్తకమైన ఇ. ఎల్. జేమ్స్ ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’, దాని తర్వాతి భాగాలతో కలిపి పది కోట్ల ప్రతులకు పైగా అమ్ముడైంది. అదే ఏడాది సి. జె. రాబర్ట్స్ ‘క్యాప్టివ్ ఇన్ ద డార్క్’తో అపహరణ కథ ఈ శాఖకు ముఖ్యమైన అచ్చుగా నిలిచింది. 2014లో మొదలైన కిండిల్ అన్‌లిమిటెడ్ అనే చందా పథకం, ఆ మరుసటి ఏడు నుంచి చదివిన పేజీల లెక్కన రచయితలకు డబ్బు చెల్లిస్తోంది. పాఠకురాలు ఆపకుండా చదివితేనే రాబడి కాబట్టి ప్రతి అధ్యాయం చివరా ఉత్కంఠ, ఒక నవలకు నాలుగు కొనసాగింపులు మామూలయ్యాయి. 2020 నుంచి టిక్‌టాక్‌లో పుస్తకాల వీడియోలు ఈ నవలలను దుకాణాల ముందు బల్లల మీదికి చేర్చాయి. ఆ ఏడాది జూన్‌లోనే టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించడం వల్ల ఇక్కడి పాఠకులకు ఇవి ఎక్కువగా ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ద్వారా తెలిశాయి.

‘ద షేక్’ వచ్చిన వందేళ్ల తర్వాత, అల్జీరియా యువతి సారా రివెన్స్ వాట్‌ప్యాడ్ అనే కథల వెబ్‌సైట్‌లో ఫ్రెంచ్‌లో రాసిన ‘కాప్టివ్’ 2022లో పుస్తకంగా వచ్చి ఫ్రాన్స్‌లో విపరీతంగా అమ్ముడైంది. అందులో ముఠా నాయకుడు అమెరికావాడు. ఇంగ్లీషువాళ్లు ప్రమాదకరమైన మగవాణ్ణి ఊహించుకోవడానికి ఏ దేశం వెళ్లారో, ఆ దేశపు అమ్మాయి అలాంటివాణ్ణి పడమట వెతికింది. ఆ నవలతోనే, పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలు వీటిని చదవడం గురించి ఫ్రాన్స్‌లో పెద్ద చర్చ నడిచింది.

విమర్శ

ఈ నవలల మొదట్లో హెచ్చరికల పేజీ ఒకటి ఉంటుంది. బలాత్కారం, నిర్బంధం, చిత్రహింస, ఆత్మహత్య ప్రస్తావన అంటూ ఒక్కొక్కటి పేరుపెట్టి చెబుతుంది. కొందరు దాన్ని చూసి పుస్తకం పక్కన పెడతారు, కొందరు దాన్ని చూసే కొంటారు. పెద్దవాళ్లకు ఇది మర్యాదైన పద్ధతే. తెలిసి అడుగుపెట్టడం వేరు, తెలియక చిక్కుకోవడం వేరు.

అయితే నవల తన నాయకుడికి ఇచ్చే సాకులను మాత్రం నిలదీయాలి. జేడ్ మనుషుల అక్రమ రవాణా చేసే ముఠాలను వేటాడతాడు. అతనికన్నా నీచులు పక్కన ఉండడం వల్ల అతను అడెలిన్ ఇష్టాన్ని లెక్కచేయని దృశ్యాలు చిన్నవిగా కనిపిస్తాయి. ఇది నీతికి సంబంధించిన సంక్లిష్టత కాదు, రచయిత చేసే సర్దుబాటు. హీత్‌క్లిఫ్‌కు ఎమిలీ అలాంటి సాకు ఏదీ ఇవ్వలేదు, అందుకే అతను ఇంకా కలవరపెడతాడు. నాయిక స్నేహితులు, ఉద్యోగం, పుట్టిల్లు కథ సాగేకొద్దీ మాయమైపోవడం ఇంకో లోపం. మనిషిని ఒంటరిని చేయడం హింసించే భర్తల మొదటి ఎత్తు. దాన్ని గమనించి రాసే రచయిత్రులు ఉన్నారు, అదే ప్రేమ అనుకుని రాసేవాళ్లూ ఉన్నారు.

తెలుగు పాఠకులు

తెలుగులో ఈ శాఖ అచ్చు పుస్తకాల్లో స్థిరపడలేదు. అహంకారి, ధనవంతుడు, మనసు బయటపెట్టని నాయకుడు మాత్రం కొత్త కాదు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో రాజశేఖరం కోసం ఒక తరం ఆడపిల్లలు కలలు కన్నారు. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో అది సినిమా అయింది. రాజశేఖరం నేరస్థుడు కాడు, నాయిక జయంతి ఆత్మాభిమానానికి అతను ఎదురుపడాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతిలిపి వంటి యాప్‌లలో తెలుగు సీరియళ్లుగా వస్తున్న మాఫియా హీరోలు, ఒప్పందపు పెళ్లిళ్లలో రాజశేఖరం పోలికలూ ఉన్నాయి, ఇంగ్లీషు డార్క్ రొమాన్స్ పోలికలూ ఉన్నాయి.

నాయికను వెంటాడే ఇదే ప్రవర్తన మన సినిమాల్లో వేరే అర్థం ఇస్తుంది. 2017లో ‘అర్జున్ రెడ్డి’ మీద వచ్చిన వాదంలో ఎక్కువమంది అతని కోపం గురించి మాట్లాడారు. ఆ కథ ఆసాంతం అతని వైపు నుంచే నడిచింది, నాయిక ఏమనుకుంటోందో తెర మీద దాదాపు తెలియదు. డార్క్ రొమాన్స్ నాయకుడు అంతకన్నా ఘోరాలు చేస్తాడు, కానీ సగం పుస్తకం ఆమె గొంతులో ఉంటుంది. అతని మనసు మనకు తెరిచి చూపడమూ, ఆమె మాట మనకు వినబడడమూ రెండూ ఉన్నచోటే ఈ కథ స్త్రీలది అవుతుంది. ఆమె గొంతు తీసేస్తే మిగిలేది వెంటాడడమే. 2013 సవరణతో మన శిక్షాస్మృతిలో చేరిన ఆ నేరం, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ కింద ఉంది.