మట్టి అమ్మినంక భూమెక్కడిది?

ఆ పుల్ల జర మంట లోపలికి ఎగదొయ్యి. ఇటుక బట్టీల ముచ్చట అడిగినవు కదా బిడ్డా, చెప్త ఇను.

గప్పుడు మన బాచుపల్లి రంగారెడ్డి జిల్లా, కుత్బుల్లాపూర్ మండలంల ఉండె. హైదరాబాద్ పట్నం కూకట్‌పల్లి దాక వచ్చి, హౌసింగ్ బోర్డు కాలనీ లేచేసరికి ఇటుకకు గిరాకీ పుట్టింది. 1998ల మాదాపూర్ కాడ సైబర్ టవర్స్ తెరిచినంక ఇగ చెప్పేదేమున్నది! లారీలు రాత్రీ పగలూ తిరిగేటియి.

బట్టీ షావుకారి ఏమనేటోడంటే, "పొలం మీదే, పైమట్టి మాత్రం మేం తీస్కపోతం." రొక్కం చేతుల పెట్టేటోడు. రెండు పంటలు పండినా కండ్ల జూడని పైసలు ఒక్కపారే వస్తుంటే ఎవడు కాదంటడు? మోకాలి లోతని మొదలు పెట్టి నడుము లోతు తవ్విరి. పంటకు పాలిచ్చేది గా పైమట్టే. అది పోయినంక కింద మిగిలింది మొరం. వానకాలం గుంతల నీళ్లు నిలిచేటియి.

మరి ఇటుక కోసింది మనోళ్లా? కాదు. ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడ దిక్కు నుంచి వచ్చేటోళ్లు. వాళ్ల నువాఖాయ్ పండుగ అయినంక కూలోళ్లను కుదిర్చే సర్దారు అడ్వాన్సు చేతుల పెట్టేటోడు. కాంటాబాంజీ స్టేషన్ల రైలెక్కితే మళ్ల వానలు పడేదాక ఊరు మొఖం చూసుడు లేదు. మొగుడు, పెండ్లాం, పిలగాడు కలిస్తే ఒక జట్టు.

నడిరాత్రి దాటంగనే లేచి, నానబెట్టిన మట్టిని కాళ్లతోని తొక్కేటోళ్లు. ఆమె ముద్ద చేసి అందిస్తే, ఆయన అచ్చుల ఇసుక చల్లి, ముద్దను గట్టిగ కొట్టి, మీదికి వచ్చిన మట్టిని గీకి, బోర్లించేటోడు. ఎండ తాకినంక పిలగాడు ఒక్కో ఇటుకను పక్క మీదికి తిప్పేటోడు. బరువుకు పచ్చి ఇటుక విరగొద్దంటే చిన్న చెయ్యే కావాలె మరి. ఎండినయి పేర్చి, నడుమ బొగ్గు పోసి, చుట్టూ మట్టి మెత్తి అంటు పెట్టేటోళ్లు. రెండు ఇటుకలు తాకిస్తే ఖంగుమన్నదా, కాలినట్టు.

కూలి వెయ్యి ఇటుకల లెక్కన. అకాల వాన పడ్డదనుకో, పచ్చియి కరిగి మట్టయ్యేది. కరిగింది లెక్కల రాదు, అడ్వాన్సు మాత్రం అట్లనే ఉండేది. గిట్ల అప్పుకు కట్టేసే వెట్టిని 1976లనే చట్టం తీసేసింది. వేరే రాష్ట్రాల కూలోళ్ల కోసం 1979ల ఇంకో చట్టం తెచ్చిరి. కాగితం మీద రెండూ మంచిగనే ఉండె.

ఇగ బట్టీలు ఎట్ల పోయినయంటవా? ఒక్క దెబ్బకు పోలె. దగ్గర మట్టి అయిపోయె. థర్మల్ కేంద్రాల బూడిదను ఇటుకల్ల వాడాలని 1999ల ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చె. సిమెంటు దిమ్మెలొచ్చె, తర్వాత తేలికపాటి బ్లాకులొచ్చె. ఇప్పటి చాల టవర్లకైతే అల్యూమినియం చట్రం బిగించి గోడంత ఒక్కపారే కాంక్రీటుతోని పోస్తున్నరు, ఇటుక ఊసే లేదు. వీటన్నిటి కన్నా ముందు భూమి ధర లేచింది. గజాల లెక్కన అమ్ముడుపోయే జాగల ఇటుక ఎవడు ఆరేస్తడు?

అసలు సంగతి ఇక్కడున్నది బిడ్డా. పండే పొలమైతే రైతు అమ్మనీకి పదిసార్లు ఆలోచిస్తడు. గుంతైన పొలాన్ని వద్దనుకునేదేమున్నది? ప్లాట్లోళ్లు రాకముందే బట్టీ మనకు అమ్ముకునుడు నేర్పింది. ముందుగాల మట్టి పోయింది, దాని ఎనుక భూమి పోయింది. 2016ల మనదే ఒక మండలమయింది, 2019ల నిజాంపేట కార్పొరేషన్ల కలిసినం. ఎవుసం మాత్రం మళ్ల రాలె.

బట్టీలు పోయినా ఆ కష్టజీవులు పోలె. 2024 మే 7న పెద్ద వానకు మన బాచుపల్లిల కడుతున్న అపార్ట్‌మెంటు గోడ కూలి ఏడుగురు సచ్చిపోయిరి, అండ్ల ఒక పసిపోరడు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కూలోళ్లే. వాళ్ల గుడిసెలు ఆ గోడ కిందనే ఉండె.

నువ్వు ఫ్లాటు కొంటనంటున్నవు కదా. ఎన్నో అంతస్తు, ఎన్ని లిఫ్టులు అని తర్వాత అడుగు. ముందుగాల ఆ జాగ ఒకప్పుడు ఏందో అడుగు, చేనా, కుంటా, మట్టి తీసిన గుంతా అని. బ్రోచర్ల అది రాయరు. ఊరి ముసలోళ్లను అడిగితే చెప్తరు, మేం ఉన్నన్ని దినాలు.