స్లోవేనియా ప్రయాణానికి అవసరమైన స్లోవీన్ మాటలు: ముందు భోజనం సంగతి

లుబ్లానా నగరం, బ్లెడ్ సరస్సు, పోస్తోయ్నా గుహలు చూసి రావడానికి నాలుగైదు రోజులు స్లోవేనియా వెళ్లే కుటుంబాలకు ఇంగ్లీషుతో చాలావరకు పని నడిచిపోతుంది. చిక్కంతా ఊళ్లలోని చిన్న భోజనశాలల్లో, దుకాణాల్లోని ప్యాకెట్ల మీద రాసే మాటల్లో. అక్కడి వంటల్లో పంది మాంసం, పంది కొవ్వు బాగా వాడతారు. అందుకే పలకరింపుల కంటే ముందు ఇవి నేర్చుకోండి.

పంది మాంసాన్ని "స్వినీనా" అంటారు. "నే యెమ్ స్వినీనే" అంటే నేను పంది మాంసం తినను అని. "బ్రెజ్" అంటే లేకుండా. "బ్రెజ్ స్వినీనే", "బ్రెజ్ మెసా" (మాంసం లేకుండా), "బ్రెజ్ ఆల్కొహోలా" (మద్యం లేకుండా), ఈ మూడూ వస్తే సగం గండం గడిచినట్టే. "షుంకా", "స్లనీనా", "క్లొబాసా" అని కనబడితే పక్కన పెట్టండి, అవి ఎక్కువగా పంది మాంసంతో చేసినవే. మన హైదరాబాదులో "మస్తుగుంది" అంటాం కదా, అక్కడ "మాస్త్" అంటే కొవ్వు. వంటింట్లో అది చాలాసార్లు పంది కొవ్వే!

అసలు మోసపోయేది శాకాహారంలా కనిపించే వాటితోనే. "జ్గాంత్సి" అనే పిండివంట మీద "ఒత్స్‌వీర్కి" చల్లుతారు, అవి వేయించిన పంది కొవ్వు ముక్కలు. "పొతీత్సా" అనే అక్రోటు రొట్టె పూర్ణంలో రమ్ము కలిపే ఇళ్లు ఉన్నాయి. "చెవాప్చిచి" పేరు కబాబ్ నుంచి వచ్చినదే అయినా, పశు మాంసంలో పంది మాంసం కలిపి చేసేవారున్నారు. ప్యాకెట్ మీద "మెషానో" అని ఉంటే కలగలుపు మాంసమని అర్థం. "గొవేయా" అంటే పశు మాంసం, "పిష్చానెత్స్" అంటే కోడి. ఆ మాటలున్నంత మాత్రాన హలాల్ అయిపోదు. "అలీ యే తో హలాల్?" (ఇది హలాలేనా?) అని అడగండి. అనుమానం తీరకపోతే "రీబా" (చేప) చెప్పుకోవడం మేలు.

టీకి మాత్రం కొత్త మాట అక్కర్లేదు, అక్కడా "చాయ్" అనే అంటారు. కానీ ఊరికే చాయ్ అంటే పండ్ల కషాయమో, ఆకుల కషాయమో తెచ్చి పెడతారు. మన టీ కావాలంటే "చర్ని చాయ్ జ్ మ్లేకోమ్" (పాలతో బ్లాక్ టీ) అనాలి. నాకు కావాలి అనడానికి మగవారు "రాద్ బి", ఆడవారు "రాదా బి" అంటారు. ఉర్దూలో చాహ్తా హూఁ, చాహ్తీ హూఁ అన్నట్టే.

ఏకవచనానికీ బహువచనానికీ మధ్య ఇద్దరికి మాత్రమే వాడే ద్వివచనం ఈ భాషలో ఇప్పటికీ బతికుంది. ఒక కాఫీ "ఎనా కావా", రెండయితే "ద్వే కావి", మూడయితే "త్రి కావే". మద్రసాలో అరబీ చదివినవారికి తస్నియా గుర్తొస్తుంది. సూరె రహ్మాన్‌లో మళ్లీ మళ్లీ వచ్చే ఆయత్‌లో సంబోధన ఈ రూపంలోనే ఉంటుంది. తప్పు పలికినా ఎవరూ ఏమీ అనుకోరు, భయపడకండి.

పలకరింపు "దోబర్ దాన్". సాయంత్రమైతే "దోబర్ వెచేర్". "హ్వాలా" అంటే షుక్రియా. "ప్రోసిమ్" ఒక్కటే చాలా పనులు చేస్తుంది: దయచేసి, పర్వాలేదు, ఏమన్నారు, అన్నిటికీ అదే. పెద్దవారితో, తెలియనివారితో మీరు అన్నట్టు "ఒప్రొస్తీతే" (క్షమించండి) అనండి. "ఒప్రొస్తీ" అనేది నువ్వు అనుకునేవాళ్ల మధ్య మాట. ధర అడగాలంటే "కోలికో స్తానే?".

"క్యే యే లెకార్నా?" అంటే మందుల షాపు ఎక్కడ అని. అత్యవసరమైతే "పొమాగాయ్తే!" అని పిలవండి. అంబులెన్సు, ఫైరింజను కోసం 112, పోలీసుకు 113.

నమాజుకు "క్యే యే జామియా?" అని అడగండి. లుబ్లానాలో మస్జిద్ కోసం 1969లో మొదటిసారి అనుమతి కోరితే, చివరికి 2020లో తలుపులు తెరుచుకున్నాయి. అక్కడి ముస్లింలలో ఎక్కువమంది బోస్నియా మూలాలవారు. వారితో మాట కలపడానికి స్లోవీన్ కూడా అక్కర్లేదు, సలాం చాలు.