ఐదు పందిపిల్లల బారసాల

పందిపిల్లకి పేరేమిటి, విడ్డూరం కాకపోతే, అని బుగ్గలు నొక్కుకోకండి. 2000 మార్చి 5న అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని బ్లాక్స్‌బర్గ్‌లో ఐదు ఆడ పందిపిల్లలు పుట్టాయి. పుట్టించిన పి.పి.ఎల్. థెరప్యూటిక్స్ కంపెనీ వాటికి ముద్దుగా పేర్లు కూడా పెట్టింది. మిల్లీ, క్రిస్టా, అలెక్సిస్, కారెల్, డాట్‌కామ్.

వాటికి తండ్రి లేడు. ఒక పెద్ద పంది ఒంట్లోని కణం తీసుకుని, అందులోని కేంద్రకాన్ని ఖాళీ చేసిన అండంలోకి చేర్చి, మరో పంది కడుపున పెంచారు. క్లోనింగ్ అంటే ఇదే. లోకంలో పెద్ద పంది కణం నుంచి క్లోనింగ్‌తో పుట్టిన మొదటి పందులివి.

మిల్లీ కొత్త సహస్రాబ్ది సంబరం. డాట్‌కామ్ ఆనాటి ఇంటర్నెట్ మోజు. తక్కిన మూడు పేర్లలోనే ఉంది అసలు చరిత్ర.

అలెక్సిస్, కారెల్ రెండూ ఒక్కరి పేరే. అలెక్సిస్ కారెల్ ఫ్రెంచి డాక్టరు. తెగిన రక్తనాళాల్ని అతికించటం కోసం, లియాన్ నగరంలో ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ దగ్గర సూదిపని నేర్చుకున్నాడట! కుట్లూ అల్లికలూ పొద్దుపోక చేసే పనులనే మగవాళ్ళకి ఈ సంగతి తప్పక చెప్పండి. ఆ కుట్టు ఆయనకి 1912లో నోబెల్ బహుమతి తెచ్చింది. అవయవాల మార్పిడికి అదే పునాది.

క్రిస్టా పేరు క్రిస్టియాన్ బర్నార్డ్ గుర్తుగా పెట్టింది. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో ఆయన మొదటిసారి ఒక మనిషి గుండెని మరో మనిషికి అమర్చాడు. ఆ గుండె, కారు గుద్దేసిన పాతికేళ్ళ డెనీస్ డార్వల్‌ది. కన్నతండ్రిని అడిగి, ఆయన సరేనన్నాకే తీసుకున్నారు.

కానీ అలా ఇచ్చే గుండెలు ఎంతమందికి చాలతాయి? అందుకే చూపు పంది మీద పడింది. దాని గుండె ఇంచుమించు మన గుండెంతే. అయితే పంది కణాల మీద ఉండే ఒక రకం చక్కెరని మన ఒళ్ళు శత్రువనుకుని, వచ్చిన అవయవాన్ని నిమిషాల్లో పాడుచేస్తుంది. ఆ చక్కెరని తయారుచేసే జన్యువుని తీసేసిన పందుల్ని 2002లో క్లోన్ చేశారు. 2022 జనవరిలో, పది జన్యువులు మార్చిన పంది గుండెని అమెరికాలో డేవిడ్ బెనెట్‌కి పెట్టారు. రెండు నెలలు బ్రతికాడు.

డెనీస్ గుండెకి తండ్రిని అడిగారు. పందికి అడగటానికి ఎవరున్నారు?

ఇది తప్పని నేననను. నా బిడ్డకే అవసరమొస్తే కాగితం మీద మొదటి సంతకం నాదే. ప్రాణమిచ్చినదాని సంతకం అందులో లేదన్న సంగతి మాత్రం మరిచిపోను. దాని ఋణం ఎలాగూ తీర్చలేం. కనీసం పిల్లల్ని ‘పందివెధవా’ అని తిట్టటం మానేద్దామా?