పునరుద్ధరణ ఎవరిది?

ఇంగ్లండ్ సాహిత్య చరిత్రలో 1660 తర్వాతి కాలాన్ని 'రెస్టొరేషన్' అంటారు. మనం పునరుద్ధరణ అని రాసుకుంటున్నాం. పోయినదాన్ని తిరిగి నిలబెట్టడం అని అర్థం. రాజుకి సింహాసనం తిరిగొచ్చింది. బిషప్పులకి చర్చి తిరిగొచ్చింది. నటులకి రంగస్థలం తిరిగొచ్చింది. మరి స్త్రీలకి తిరిగొచ్చింది ఏమిటి? లండన్ వృత్తి నాటకశాలల్లో నటులుగా వాళ్లకి అంతకుముందు చోటే లేదు. లేనిది తిరిగి ఎలా వస్తుంది? ప్యూరిటన్లు దీపం ఆర్పారు, రెండో చార్లెస్ వచ్చి వెలిగించాడు అని ఎం.ఏ. నోట్సుల్లో రాసుకున్న కథని పరిశోధన కోసం మళ్లీ తిరగేస్తుంటే, అది మగవాళ్లు మగవాళ్ల గురించి చెప్పుకున్న కథలాగే కనిపించింది నాకు.

షేక్‌స్పియర్ కాలంలో స్త్రీ పాత్రలన్నీ మీసాలు రాని కుర్రాళ్లే వేసేవారు. 1629లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక నాటక బృందంలో ఆడవాళ్లు వేదిక ఎక్కితే లండన్ ప్రేక్షకులు ఈలలు వేసి తరిమారు. 1633లో విలియం ప్రిన్ అనే ప్యూరిటన్ లాయరు నాటకాలను తిడుతూ పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అందులో నటీమణులు పచ్చి వేశ్యలన్నాడు. సరిగ్గా అప్పుడే రాణి హెన్రియెటా మరియా అంతఃపురంలో నాటకం ఆడింది. ఆ మాట రాణిగారిని ఉద్దేశించిందేనని ప్రిన్ చెవులు కోయించారు. మామూలు స్త్రీలను అన్నందుకు మాత్రం ఎవరి చెవీ తెగలేదు.

1642 సెప్టెంబరు 2న పార్లమెంటు నాటకశాలలు మూయించింది. అంతర్యుద్ధం మొదలైన రోజులు. ఇది ఉపవాసాలకీ ప్రార్థనలకీ సమయం గానీ వినోదాలకి కాదన్నారు. 1648లో ఇంకా గట్టి ఉత్తర్వు వచ్చింది. వేదికలు పడగొట్టాలి, నటులను కొరడాలతో కొట్టాలి, చూడ్డానికి వచ్చినవాళ్లకి అయిదు షిల్లింగులు జరిమానా. అయినా దొంగచాటు ప్రదర్శనలు ఆగలేదు.

ఆ పద్దెనిమిదేళ్లూ చీకటేనా? స్త్రీల వైపు నుంచి చూస్తే అలా అనడానికి నాకు మనసొప్పదు. 1649లో లెవెలర్ ఉద్యమ స్త్రీలు జైల్లో ఉన్న తమ నాయకులను విడిపించమని వేల సంతకాలతో పార్లమెంటుకి వినతిపత్రం తీసుకెళ్లారు. ఇంటికి పోయి గిన్నెలు తోముకోండన్న సమాధానం వచ్చింది (ఈ సమాధానానికి దేశం, కాలం తేడా ఉన్నట్టు లేదు). క్వేకర్ స్త్రీలు బజార్లలో నిలబడి బోధించారు. ఇంకా విచిత్రం, ఇంగ్లీషు స్త్రీ ఒకరు జనం ముందు పాత్ర ధరించింది కూడా రాజు తిరిగి రాకముందే. 1656లో విలియం డావనెంట్ తన ఇంట్లో, రట్లండ్ హౌస్‌లో, 'సీజ్ ఆఫ్ రోడ్స్' ప్రదర్శించాడు. నాటకం అంటే ఒప్పుకోరు కాబట్టి సంగీత ప్రదర్శన అన్నాడు. అందులో నాయిక అయాంథీగా పాడింది మిసెస్ కోల్మన్, ఒక సంగీతకారుడి భార్య. అంటే తలుపు మొదట కాస్త తెరుచుకున్నది క్రామ్‌వెల్ పాలనలోనే. పాఠ్యపుస్తకాల్లో ఈమెకి ఒక వాక్యం దక్కితే ఎక్కువ.

1660లో చార్లెస్ తిరిగి రాగానే నాటకాలాడే హక్కుని ఇద్దరికి పంచిచ్చాడు. ఒకరు టామస్ కిలిగ్రూ, రెండోవారు ఈ డావనెంటే. టెన్నిస్ కోర్టులను నాటకశాలలుగా మార్చుకున్నారు. ఆ డిసెంబరు 8న 'ఒథెల్లో'లో డెస్డిమోనాగా ఒక స్త్రీ నటించింది. ఆన్ మార్షల్ అని కొందరు, మార్గరెట్ హ్యూస్ అని కొందరు అంటారు. ఆమె పేరు నమోదు కాలేదు. ఆమెను పరిచయం చేస్తూ టామస్ జోర్డన్ రాసిన ప్రస్తావన మాత్రం అచ్చులో భద్రంగా ఉంది. నేనిప్పుడే లోపల ఆమె ముస్తాబవడం చూసొచ్చాను, నిజంగా ఆడదే అని ఒక మగనటుడు సభకి హామీ ఇస్తాడందులో. నటన ఎలా ఉంటుందన్నది తర్వాతి సంగతి, ముందు ఒంటికి సర్టిఫికెట్టు!

1662 రాజపత్రంలో స్త్రీ పాత్రలు ఇకపై స్త్రీలే వేయాలని రాశారు. కారణం ఏం చెప్పారో చూడండి. మగవాళ్లు ఆడవేషం కట్టడం కొందరికి అభ్యంతరంగా ఉందట, దాన్ని సంస్కరించాలట. ఏ నీతి పేరుతో ప్రిన్ స్త్రీలను వద్దన్నాడో ఆ నీతి పేరుతోనే ఇప్పుడు రమ్మన్నారు. రెండుసార్లూ వాళ్లను అడిగినవాళ్లు లేరు. ఆడవేషాలకి పేరుపడ్డ ఎడ్వర్డ్ కైనాస్టన్ మగ పాత్రలకి మారిపోయాడు. అతని గురించి చదువుతుంటే స్థానం నరసింహారావుగారి సత్యభామ గుర్తుకు రావడం మన వాళ్లకి సహజం. ఆ కళ తక్కువదని నేననను.

సంస్కరణ సంగతి తెర వెనక తేలింది. డబ్బున్న మగవాళ్లు నటీమణులు బట్టలు మార్చుకునే గదుల్లోకి నేరుగా వెళ్లేవారు. డైరీ రాసుకున్న శామ్యూల్ పీప్స్ కూడా వెళ్లాడు. 1660-1700 మధ్య లండన్‌లో కొత్తగా ఆడిన సుమారు 375 నాటకాల్లో 89 నాటకాలు స్త్రీకి మగవేషం వేయించాయని లెక్కగట్టారు. బిగుతు దుస్తుల్లో కాళ్లు కనిపిస్తాయి కాబట్టి. 1667లో రెబెకా మార్షల్ తనను వేధించిన సర్ హ్యూ మిడిల్టన్ మీద రాజుకి ఫిర్యాదు చేసింది. అతను పంపిన మనిషి వీధిలో ఆమె ముఖానికి మలం పూశాడు. 1692లో ఆన్ బ్రేస్‌గర్డిల్‌ను ఎత్తుకుపోబోయారు. అది కుదరక, ఆమెతో నటించే విలియం మౌంట్‌ఫర్డ్‌ని పొడిచి చంపారు. పొడిచిన హిల్ పారిపోయాడు. అతనితో వచ్చిన మోహన్ ప్రభువుని తోటి ప్రభువులు నిర్దోషి అన్నారు. చరిత్ర పుస్తకాలకి మాత్రం నెల్ గ్విన్ బత్తాయిలమ్మి రాజుగారి ఉంపుడుగత్తె అయిన కథే రుచి.

నాకు ఎక్కువ ఆసక్తి జీతాల మీదా, 'మూడోరోజు' మీదా. నాటకం మూడోరోజు ఆడితే ఆ రాబడి రచయితది. ఈ రివాజు ఆఫ్రా బెన్ బతుకుని మార్చింది. రాజు కోసం ఆంట్వెర్ప్‌లో గూఢచారిగా పనిచేసి అప్పులపాలై వచ్చిన ఆమె 1670లో మొదటి నాటకం ఆడించింది. 1677లో వచ్చిన 'ది రోవర్' మొదట పేరు లేకుండా అచ్చయింది. ప్రస్తావనలో రచయితను 'అతను' అన్నారు. తర్వాత ఆమె పేరు వేసుకుంది. మగవాళ్లు రాస్తే సరసం, నేను రాస్తే బూతా అని ఒక ముందుమాటలో నేరుగా అడిగింది.

1695లో యాజమాన్యంతో పడక సీనియర్ నటులు విడిపోయి సొంత కంపెనీ పెట్టుకున్నారు. టామస్ బెటర్టన్‌తో పాటు ఎలిజబెత్ బారీ, బ్రేస్‌గర్డిల్ అందులో వాటాదారులు. లైసెన్సులో వాళ్ల పేర్లున్నాయి. మరుసటి ఏడాది డ్రూరీ లేన్ వాళ్లు డెలరివియర్ మాన్లీ, మేరీ పిక్స్, కాథరిన్ ట్రాటర్ అనే ముగ్గురు రచయిత్రులను ఎగతాళి చేస్తూ ఒక నాటకం ఆడారు. అప్పటికే మాన్లీ తన 'రాయల్ మిస్చీఫ్'ని వాళ్ల దగ్గర్నించి వెనక్కి తీసుకుని కొత్త కంపెనీకి ఇచ్చేసింది. ప్రధాన పాత్ర బారీయే వేసింది.