ప్రొవాన్సు మంటిబొమ్మలు - జానపదచరిత్రము

చరిత్రరచనకు శాసనములును, తామ్రపత్త్రములును, రాజాస్థానములందలి కావ్యములును మాత్రమే యాధారములని పెక్కురు తలఁతురు. కాని గాలిమర నడపువాఁడు, చేఁపలమ్ము స్త్రీ, కత్తులు సానపట్టువాఁడు శాసనములు వేయించినవారు కారు. వీరి జీవితము నెఱుఁగఁగోరువారికి ఫ్రాన్సుదేశపు దక్షిణసీమయగు ప్రొవాన్సునందు వ్రేలెడంత మంటిబొమ్మ లొక యాధారముగా నున్నవి. వీనిని సాంతోనులందురు. ఆ సీమ భాషలోని 'సాంతూన్' అను పదమునకు చిట్టి పుణ్యపురుషుఁ డని యర్థము.

క్రీస్తు జననఘట్టమును రూపించి చూపు నాచారము ప్రాచీనము. 1223లో అస్సీసి ఫ్రాన్సిసు ఇటలీలోని గ్రెచ్చో గ్రామమున పశువుల తొట్టిని, ఎద్దును, గాడిదను నిలిపి యా ఘట్టమును ప్రదర్శించెను. పిమ్మట నది బొమ్మల రూపమున దేవాలయములకును, గృహములకును వ్యాపించెను. ఫ్రెంచి విప్లవకాలమున దేవాలయములు మూఁతపడఁగా ప్రజలు తమ యిండ్లలో రహస్యముగా బొమ్మలను నిలుపుకొనిరనియు, సాంతోనులు పుట్టుటకు నదియే కారణమనియు లోకప్రసిద్ధి. ఇది కొంతవఱకే గ్రాహ్యము. విప్లవమునకుఁ బూర్వమే గృహములయందు నిట్టి బొమ్మలమర్పు కలదు. కావున విప్లవ మాచారమునకు ప్రోత్సాహకమే కాని మూలము కాదు.

బొమ్మ పేదయింటికి వచ్చుటకు ముఖ్యకారణము మూస. మార్సేయి నగరవాసియగు జాఁ లూయీ లాన్యెల్ (1764-1822) ప్లాస్టరు మూసలతో బంకమంటి బొమ్మలను జేసి స్వల్పమూల్యమున కందునట్లొనర్చెను. మొదట శిల్పి మాతృకను జేతితో మలచును. దానినుండి రెండుభాగముల మూసను దీయుదురు. ఒకభాగమున మన్నద్ది, రెండవదానితో నొత్తి, అంచులను జెక్కి, యాఱఁబెట్టి, రంగులు వేయుదురు. తొల్లిటివి పచ్చిమంటివి, తరువాతివారు ఆవమునఁ గాల్చిరి. 1803లో మార్సేయినగరమున సాంతోనుల సంత యారంభమయ్యెను. క్రిస్మసు ఋతువున నది నేఁటికిని జరుగుచున్నది.

గృహస్థులు ముడుతలు వేసిన కాగితముతో కొండలను, నాచుతో పచ్చికను, థైము కొమ్మలతో ఆలివుచెట్లను, అద్దపుముక్కతో చెఱువును గల్పించి గ్రామము నమర్తురు. పెద్దబొమ్మలు ముందఱను, చిన్నవి వెనుకను నుంచుటచే దూరము భాసించును. ఇందు మరవాఁడు పిండిమూటను, కాపరి గొఱ్ఱెపిల్లను దెత్తురు. వాద్యకాఁ డొకచేత పిల్లనగ్రోవి నూఁదుచు రెండవచేత డోలు వాయించును. 'రవి' యనువాఁ డేమియుఁ దేక, రెండుచేతులు పైకెత్తి యాశ్చర్యమునే కానుకగా సమర్పించును. కథ బెత్లెహేమునది, వేషములు పందొమ్మిదవ శతాబ్ది ప్రొవాన్సువి. ఈ కాలవిరోధము నాటకమునకు దోషము కావచ్చును, చారిత్రకునకు లాభము.

అయినను హెచ్చరిక యావశ్యకము. ఆవిరియంత్రములు వచ్చి గాలిమరలు నిలిచిన పిదపను మరవాని బొమ్మ మూసనుండి వచ్చుచునే యున్నది. తాళపత్త్రప్రతి వ్రాసినకాలము వేఱు, గ్రంథరచనాకాలము వేఱు గదా! అట్లే బొమ్మ నొత్తినకాలమును మాతృక మలచినకాలమును వేఱుపఱుపక సాక్ష్యము గైకొనరాదు. ఈ వివేకము లేనిచో, తాతలనాఁటి గ్రామమును మనుమలనాఁటిదిగా భ్రమింతుము.

ప్రొవాన్సు కవి ఫ్రెదెరిక్ మిస్త్రాల్ ఈ జానపదసామగ్రి విలువ నెఱిఁగినవాఁడు. 1854లో మాతృభాషోద్ధరణమునకై ఫెలిబ్రిజు సమాజమును స్థాపించినవారిలో నొకఁడు. 1896లో ఆర్లు నగరమున మ్యూజియమును నెలకొల్పి, ప్రజల వస్త్రములను, గృహోపకరణములను సేకరించి, క్రిస్మసు రాత్రి విందు గదిని నిలువెత్తు బొమ్మలతో నమర్పించెను. 1904లో లభించిన నోబెలు బహుమానధనమును నా మ్యూజియము విస్తరణమునకే వినియోగించెను. భాషను నిలుపఁగోరిన కవి, యా భాష మాటలాడినవారి పనిముట్లను, వేషములను గూడ నిలుపవలయునని గ్రహించెను. పదమును నిఘంటువు కాపాడును. ఆ పదము చెప్పు వస్తువును గాపాడుట కొకొకప్పుడు మంటిబొమ్మయే దిక్కు.